మత విశ్వాసము – మనశ్శాస్త్రము
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మతాన్ని గురించి మనశ్శాస్త్రం ఏమంటుందో నాలుగు ముక్కలు చెప్పమని మమ్మల్ని ఆదేశించారు. విషయం కొంచెం బరువైనదే. కాని ఇది కాలేజీ గోడల మధ్య ఉండిపోయే విషయం కాదు. మన ఇళ్ళలోకి ఎప్పుడో వచ్చేసింది. కాలేజీకి వెళ్ళిన కుర్రవాడు సెలవులకు ఇంటికొచ్చి, "అబ్బా, దేవుడనేది మనిషి భయంలోంచి పుట్టిన ఊహేనట గదా, మా పుస్తకంలో ఉంది" అంటాడు. ఆ తండ్రికి కోపమొస్తుంది. "ఇందుకేనా నిన్ను చదివించింది?" అంటాడు. మాట అక్కడితో ఆగిపోతుంది. కొడుకు పుస్తకం సగమే చదివాడు, తండ్రి అసలు తెరవలేదు. ఇద్దరికీ ఉపయోగపడేటట్లు ఆ పుస్తకంలో ఏముందో ఈ కాసేపట్లో చూద్దాం.

ముందుగా ఈ శాస్త్రం పని ఏమిటి? అల్లాహ్ ఉన్నాడా లేడా అని తేల్చడం దాని పని కాదు. నమ్మే మనిషిని చూడటం దాని పని. ఎట్లా నమ్ముతున్నాడు, ఏ వయసులో నమ్మకం గట్టిపడుతుంది, కష్టంలో ఆ నమ్మకం ఏం చేస్తుంది, దుఆ చేస్తున్నప్పుడు మనసుకూ శరీరానికీ ఏమవుతుంది, ఇవీ దాని ప్రశ్నలు. వీటికోసం ప్రశ్నపత్రాలు పంచుతారు, మనుషులతో మాట్లాడతారు, వారి నడవడిని గమనిస్తారు, ఇటీవలి కాలంలో మెదడును యంత్రాలతో ఫోటోలు కూడా తీస్తున్నారు. అమెరికాలో స్టార్‌బక్ అనే ఆయన ప్రశ్నపత్రాలు పంపించి, యుక్తవయసులో మతభావం ఎట్లా మేలుకుంటుందో పరిశీలించి 1899లోనే ఒక గ్రంథం ప్రకటించారు. అంటే ఈ చదువుకు నూరేళ్ళు దాటిందన్నమాట.

ఆ తర్వాత వచ్చిన పెద్ద పేరు విలియం జేమ్స్. ఈయన హార్వర్డు ప్రొఫెసరు. 1901, 1902 సంవత్సరాలలో స్కాట్లండులోని ఎడింబరోలో ఉపన్యాసాలిచ్చారు. అవే 1902లో పుస్తకంగా వచ్చాయి. మత అనుభవాల్లోని రకరకాలను గురించిన ఆ పుస్తకాన్ని ఈనాటికీ చదువుతున్నారు. ఆ కాలంలో కొందరు వైద్యులు భక్తులందరినీ రోగుల లెక్కలో వేసేవారు. ఫలానా మహనీయుడికి మూర్ఛరోగమనీ, ఫలానా ఆమెకు నరాల బలహీనత అనీ, అంతకుమించి ఏమీ లేదనీ అనేవారు. జేమ్స్‌గారు దీన్ని ఒప్పుకోలేదు. ఒక ఆలోచన ఎక్కడ పుట్టిందన్నది దాని విలువను తేల్చదనీ, అది మనిషి బతుకులో ఏ ఫలం ఇచ్చిందో చూడాలనీ వాదించారు. చెట్టు వేరుకు ఏ ఎరువు పడిందని గాక, కాసిన కాయ తీపా చేదా అని అడగమన్నారు.

ఇక్కడ మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ పుస్తకంలో దైవసాన్నిధ్యపు అనుభవాలను వివరించేటప్పుడు జేమ్స్‌గారు మన ఇమాం గజాలీ ఆత్మకథను సాక్ష్యంగా తెచ్చుకున్నారు. ఆరోగ్యమంటే ఏమిటో నిర్వచనం తెలియడం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. అట్లాగే దైవచింతన గురించి చదవడం వేరు, దానిలో జీవించడం వేరు. ఈ భేదాన్ని గజాలీగారు ఎంత స్పష్టంగా చూపారంటే, ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత అమెరికా ప్రొఫెసరుకు అది పనికొచ్చింది.

ఆ గజాలీగారి కథలో మనకు కావలసిన పాఠం ఇంకొకటి కూడా ఉంది. 1095లో ఆయన బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో పెద్ద ఆచార్యులు. పేరు ప్రతిష్ఠలకు కొదువ లేదు. అట్లాంటి సమయంలో, తాను బోధిస్తున్నది అల్లాహ్ కోసమా, కీర్తి కోసమా అన్న సంశయం పట్టుకుంది. వెళ్ళిపోదామని ఉదయం అనుకుంటే సాయంత్రానికి మనసు మారేది. సుమారు ఆరు నెలలు ఇట్లా నలిగిపోయారు. చివరకు పాఠం చెప్పబోతే నోటివెంట మాట రాలేదు. అన్నం సహించలేదు. వైద్యులు చూసి, ఇది హృదయంలో మొదలై శరీరానికి పాకిన వ్యాధి, మనసులోని భారం తొలగితేగాని మందులు పనిచేయవని చెప్పారు. ఆయన పదవి వదిలి సిరియాకు, జెరూసలేముకు, హజ్‌కు వెళ్ళి, ఏళ్ళ తరబడి ఏకాంతంలో గడిపారు. 1106లో నిషాపూరులో మళ్ళీ బోధన మొదలుపెట్టారు. ఇదంతా ఆయన తన చేత్తో తానే రాసుకున్నారు. వైద్యులు వచ్చారనీ, వాళ్ళు ఇట్లా అన్నారనీ రాయడానికి సిగ్గుపడలేదు. ఇస్లాంకు హుజ్జత్ అని లోకం కొనియాడిన మనిషికి మనసు జబ్బు పడిందని చెప్పుకోవడం నామోషీ కాకపోతే, మనకెందుకు నామోషీ?

ఇక, మన కుర్రవాళ్ళ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పేరు ఫ్రాయిడ్. వియన్నా నగరపు వైద్యుడు. పసివాడు తండ్రి అండ కోరుకున్నట్టే, పెద్దవాడైన మనిషి ప్రకృతి ముందు, చావు ముందు నిస్సహాయుడై ఆకాశంలో ఒక తండ్రిని ఊహించుకుంటాడని ఆయన 1927లో ఒక చిన్న గ్రంథం రాశారు. అంతకు ముందే 1907లో ఒక వ్యాసంలో మతకర్మలను ఒక మనోవ్యాధితో పోల్చారు. పదే పదే చేతులు కడిగే రోగికీ, నియమం తప్పకుండా కర్మలు చేసే భక్తుడికీ పోలిక ఉందన్నారు.

దీనికి మనం ఏం చెప్పాలి? కోపగించుకుంటే సమాధానం చెప్పినట్లు కాదు. మొదటి మాటకు జవాబు ఫ్రాయిడ్‌గారే ఇచ్చారు. కోరికలోంచి పుట్టిన నమ్మకం తప్పనిసరిగా అబద్ధమే కానక్కరలేదని అదే గ్రంథంలో ఒప్పుకున్నారు. దాహం వేసినవాడు నీళ్ళను కోరుకుంటాడు. కోరుకున్నాడు గనుక నీళ్ళు ఉన్నాయని అనలేము, కోరుకున్నాడు గనుక నీళ్ళు లేవని కూడా అనలేము. కోరిక ఒక సంగతి, నిజం ఇంకొక సంగతి. మెదడు ఫోటోల విషయమూ ఇంతే. అమెరికాలో న్యూబర్గ్ అనే డాక్టరు ధ్యానం చేసే బౌద్ధులకు, ప్రార్థన చేసే క్రైస్తవ సన్యాసినులకు మెదడు పరీక్షలు చేసి, ఆ సమయంలో కొన్ని భాగాలలో రక్తప్రసారం మారుతోందని చూపారు. మారకుండా ఎట్లా ఉంటుంది? గల్ఫులో ఉన్న కొడుకు గొంతు ఫోనులో విన్నప్పుడు తల్లి మెదడులోనూ మార్పు వస్తుంది. ఆ మార్పు చూసి కొడుకు లేడనడం ఎంత తెలివితక్కువో, ఆ ఫోటో ఒక్కటే పట్టుకుని కొడుకు ఉన్నాడని రుజువు చేస్తాననడమూ అంతే. ఫోటో తల్లిని గురించి చెబుతుంది, కొడుకును గురించి చెప్పదు.

ఫ్రాయిడ్‌గారి రెండో మాట మాత్రం మనం కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ రోజు మేము చెప్పదలచుకున్న అసలు విషయం అక్కడే ఉంది. భక్తి రోగం కాదు. కాని రోగం భక్తి వేషం వేసుకుని రావచ్చు.

మన ఇళ్ళలోనే చూడండి. ఒక అబ్బాయి గాని, అమ్మాయి గాని వుజూ కోసం కుళాయి దగ్గర కూర్చుంటే అరగంటైనా లేవరు. మోచెయ్యి తడిసిందో లేదోనని మళ్ళీ మొదలు. జమాఅత్ అయిపోతుంది. నమాజులో నిలబడితే నియ్యత్ సరిగ్గా అయిందో లేదోనని తక్బీరు మళ్ళీ మళ్ళీ. బట్టకు ఏదో చుక్క పడిందని రోజుకు నాలుగుసార్లు స్నానం. కొందరికి నోటితో అనలేని చెడ్డ ఆలోచనలు, పవిత్రమైన వాటిని గురించే, వద్దన్నకొద్దీ వస్తుంటాయి. మొదట ఇంట్లో వాళ్ళు మురిసిపోతారు, "మా పిల్లకు ఎంత భక్తి!" అని. తర్వాత విసుక్కుంటారు. తర్వాత ఎవరో చెయ్యి పడిందనీ, జిన్ను పట్టిందనీ ఆమిల్ సాబ్ దగ్గరకు తీసుకెళతారు. తావీజు, ఊదిన నీళ్ళు, నల్ల కోడి. ఈ లోగా రెండేళ్ళు, మూడేళ్ళు పోతాయి. చదువు ఆగిపోతుంది. "పెళ్ళి చేస్తే అదే కుదురుతుంది" అని ఇంకొక ఇంటి బిడ్డను కూడా ఆ కష్టంలోకి లాగుతారు.

దీనికి మన పెద్దలు పెట్టిన పేరు వస్‌వసా. నేటి వైద్యులు ఓ.సి.డి. అంటారు. దీన్ని మనవాళ్ళు కొత్తగా తెలుసుకోవలసిన పని లేదు. బల్ఖ్ నగరానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ, 934లో చనిపోయినాయన, శరీరాల బాగునూ మనసుల బాగునూ కలిపి ఒక గ్రంథం రాశారు. మనసుకు వచ్చే బాధలను కోపం, భయం, దుఃఖం, వస్‌వసా అని నాలుగుగా విభజించి ఒక్కొక్కదానికి ఉపాయాలు చెప్పారు. ఇంట్లో మందులు దాచుకున్నట్టే మనసు బాగున్న రోజుల్లో మంచి ఆలోచనలు కూడబెట్టుకుని కష్టం వచ్చినప్పుడు వాడుకోమన్నారు. ఇమాం గజాలీగారు తన ఇహ్యా గ్రంథంలో, లోపలి శుభ్రం మరచి పైపై శుభ్రంలో మునిగిపోయేవారిని మందలించారు. ఇబ్నె ఖుదామా వస్‌వసా మీద ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. వుజూలో మూడుసార్లకు మించి కడగడం ఎక్కువ పుణ్యం కాదు, హద్దు మీరడమని హదీసులోనే ఉంది. నోట అనలేని ఆలోచనలు వస్తున్నాయని సహాబాలు బాధపడితే, ఆ బాధ పడటమే ఈమాన్‌కు గుర్తని దైవప్రవక్త (స) ఊరడించారు. మరి మనం ఆ పిల్లను ఈమాన్ లేనిదానివని ఎట్లా అనగలం?

భక్తినీ రోగాన్నీ గుర్తుపట్టడం ఎట్లా అంటే, వైద్యులు చెప్పే గుర్తులు సామాన్యుడికి కూడా అర్థమయ్యేవే. భక్తికి ముగింపు ఉంటుంది. వుజూ అవుతుంది, నమాజు అవుతుంది, సలాం తిప్పి మనిషి తేలికపడి పనిలోకి వెళతాడు. రోగానికి ముగింపు ఉండదు. భక్తి మనిషిని జమాఅత్‌లోకి తీసుకొస్తుంది, రోగం స్నానాలగదిలో బంధిస్తుంది. వుజూ ఉన్నది నమాజు కోసం. వుజూ వల్ల నమాజే పోతుంటే అక్కడ జరుగుతున్నది ఆరాధన కాదు.

ఈ జబ్బుకు వైద్యం ఉంది. మందులున్నాయి. అవి నాలుగు రోజుల్లో గుణమివ్వవు, వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మందుతోపాటు ఒక అభ్యాసం కూడా చేయిస్తారు. ఒకసారి కడిగి లేచిపోవాలి. అనుమానం పీకుతుంది, పీకనివ్వాలి, మళ్ళీ కడగకూడదు. కాసేపటికి ఆ ఆందోళన దానంతట అదే తగ్గుతుంది. రోజూ ఇట్లా చేయగా చేయగా దాని పట్టు సడలుతుంది. ఇంటివాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. "అమ్మీ, నా వుజూ అయిందా?" అని పిల్ల పదిసార్లు అడిగితే పదిసార్లూ "అయింది బేటీ" అని చెప్పడం ప్రేమే. కాని ఆ జవాబే రోగానికి మేత. డాక్టరును అడిగి, ఆ జవాబు ఎట్లా మానుకోవాలో ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలి. ఇమాం సాబ్ ఒక్కసారి గట్టిగా, "ఒక్క వుజూ చాలు, తర్వాత వచ్చే అనుమానానికి నీది పూచీ లేదు" అని చెబితే డాక్టరుకు సగం పని తేలిక.

దీనికి ఎదురు వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. కనిపించిన ప్రతిదాన్నీ రోగమనుకోవడమూ పొరపాటే. భర్త పోయిన స్త్రీకి ఆయన దగ్గరే ఉన్నట్టు అనిపిస్తుంది, ఒక్కోసారి గొంతు వినిపిస్తుంది. ఇంట్లో వాళ్ళు భయపడతారు, ఆమె ఎవరికీ చెప్పుకోదు. రీస్ అనే డాక్టరు వేల్సులో 293 మంది భార్య పోయినవారిని, భర్త పోయినవారిని పలకరించి 1971లో ఆ ఫలితాలు ప్రచురించారు. వారిలో ఇంచుమించు సగం మందికి ఇట్లాంటి అనుభవం కలిగింది. అది పిచ్చి కాదు, దయ్యమూ కాదు. ప్రేమించిన మనసు అంత త్వరగా విడిచిపెట్టదు, అంతే. అట్లాంటి తల్లికి ఆమిలూ వద్దు, ఆసుపత్రీ వద్దు. పక్కన కూర్చుని వినే మనిషి ఉంటే చాలు.

మన నమ్మకమే కష్టకాలంలో మనకు ఎట్లా తోడ్పడుతుందో కూడా ఈ శాస్త్రం చూసింది. పార్గమెంట్ అనే ఆచార్యులు దీన్ని చాలాకాలం పరిశీలించారు. జబ్బులో, నష్టంలో దైవాన్ని అండగా తలచినవారు మెరుగ్గా తట్టుకుంటారు. దైవం నన్ను శిక్షిస్తున్నాడు, నన్ను వదిలేశాడు అని కుమిలేవారు మరింత దెబ్బతింటారు. ఆసుపత్రిలో చేరిన వయసు మళ్ళిన రోగులపై ఆయన, ఆయన సహచరులు 2001లో ప్రకటించిన పరిశీలనలో, ఇట్లా కుమిలేవారిలో మరణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. అందువల్ల రోగిని చూడబోయినప్పుడు మనం అనే మాటకు బరువుంది. "ఏ పాపం చేశావో" అని అనకండి. పిచ్చి పట్టినవాడికి ఆ స్థితి పోయేంతవరకు కర్మల లెక్క రాయబడదని మన షరీఅతే చెబుతోంది. అల్లాహ్ లెక్క రాయనిచోట మనం ఎందుకు రాయాలి?

భక్తిలోనూ రెండు రకాలున్నాయని ఆల్‌పోర్ట్ అనే ఆచార్యులు, రాస్ అనే సహచరుడు 1967లో చూపారు. మతాన్ని పరువుకోసం, పలుకుబడికోసం వాడుకునేవారు ఒక రకం. మతాన్ని బతికేవారు రెండో రకం. చర్చిలకు వెళ్ళేవారిని పరిశీలిస్తే, ఇతర జాతులవారిపై ద్వేషం మొదటి రకంలోనే ఎక్కువగా కనిపించింది. మన పెద్దలు దీన్ని ఎప్పుడో రియా అన్నారు.

ఇంకో ప్రయోగం 1973లో వచ్చింది. ప్రిన్స్‌టన్‌లో పాద్రీలు కాబోయే 40 మంది విద్యార్థులను డార్లీ, బాట్సన్ అనేవారు ఒక భవనంనుంచి ఇంకొక భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి దగ్గుతూ కూలబడి ఉన్నాడు. తొందర లేనివారిలో నూటికి 63 మంది ఆగారు. ఆలస్యమైందని తొందరపెట్టినవారిలో నూటికి 10 మందే ఆగారు. వారిలో కొందరు వెళుతున్నది పరోపకారం మీద ప్రసంగించడానికే! మంచి మాట నోటిలో ఉన్నా, తొందర కాలిని లాక్కుపోతుంది. ప్రసంగాలు చేసే మాబోటివారికి ఇది మంచి చురక.

సోదరులారా, ఇక చివరి మాట కొంచెం కటువుగా ఉంటుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు షెడ్డు అంటుకుంది. రోగులు గొలుసులతో కట్టేసి ఉన్నారు. పారిపోలేకపోయారు. 28 మంది కాలిపోయారు. అక్కడ రోగులను వదిలివెళ్ళినవారు క్రూరులు కారు, మనలాంటి తల్లిదండ్రులే. వాళ్ళకు ఇంకో దారి ఎవరూ చూపలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదని నిషేధించింది.

దర్గాకు వెళ్ళవద్దని మేము అనడం లేదు. గుజరాత్‌లోని ఉనావా గ్రామంలో మీరా దాతార్ దర్గాలో 'దవా, దుఆ' అనే పథకం నడిపారు. డాక్టరు దర్గా ఆవరణలోనే కూర్చున్నాడు. ముజావర్లు దుఆ చేసి, ఆ తర్వాత రోగిని డాక్టరు దగ్గరకు పంపారు. దుఆ కోసం వచ్చినవాడు దవా తీసుకుని వెళ్ళాడు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) చెప్పారు. ఒంటెను కట్టేసిన తర్వాతే అల్లాహ్‌పై భారం వేయమన్నారు. డాక్టరు దగ్గరకు వెళ్ళడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, తవక్కుల్‌లో మొదటి మెట్టు.

కాబట్టి సంఘం ముందు మూడు మనవులు ఉంచుతున్నాం. మొదటిది, వైద్య సహాయ నిధిలో మనసు జబ్బులకు కూడా చోటివ్వండి. గుండెజబ్బుకు ఇచ్చి దీనికి ఇవ్వకపోవడం న్యాయం కాదు. రెండోది, మసీదులలో ఇమాం సాబులు ఏడాదికి ఒక్క జుమా అయినా వస్‌వసా గురించి చెప్పాలి. ఆ ఒక్క మాటకోసం ఏ ఇంట్లోనో ఒక పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది. మూడోది మనందరికీ. ఎర్రగడ్డ అనే పేరును తిట్టుగా వాడటం మానేద్దాం. అది ఆసుపత్రి. అంతదూరం పోలేనివారికి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే దారి చెబుతారు. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోను నంబరు 14416. డబ్బు అక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ సంచికలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ అయిదు అంకెలు గుర్తుంచుకోండి.

కాలేజీ నుంచి వచ్చిన కుర్రవాడికి మేము చెప్పేది ఇది. బాబూ, ఆ పుస్తకం సగంలో ఆపకు, చివరిదాకా చదువు. నమ్మే మనిషిని గురించి అది చాలా చెబుతుంది, నమ్మదగినవాణ్ణి గురించి తేల్చదు. తండ్రికి చెప్పేది ఇది. అయ్యా, ఆ పుస్తకానికి భయపడకండి. రేపు మీ ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేకపోతే ఆ చదువు చదివినవాడే మీ తలుపు దగ్గరకు రావాలి. అతడు మన పిల్లల్లోనే ఒకడైతే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

అల్లాహ్ మన మనసులకు నెమ్మదినీ, రోగులకు స్వస్థతనూ, వారిని చూసుకునేవారికి ఓర్పునూ ప్రసాదించుగాక. ఆమీన్.